డబ్బు కట్టి చేసిన చాకిరీ

(గండిపేటలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం "విదేశంలో స్వచ్ఛంద సేవ: ఒక మహిళ అనుభవం". అందులో సేవ అన్న మాట నాకు మింగుడుపడలేదు. ఆడవాళ్ళ విషయంలో ఆ మాటను చాలా ధారాళంగా వాడతారు. పతిసేవ, అత్తమామల సేవ, దైవసేవ. ఆ మాట కింద జీతం లేని పని ఎంత దాగివుందో మనం ఏళ్ళ తరబడి చెప్తూనే వున్నాం. అందుకని నేను సేవ అనను, పని అంటాను. 2017 జనవరిలో థాయిలాండులో ఒక వన్యప్రాణుల రక్షణ కేంద్రంలో మూడు వారాలు పనిచేసి వచ్చాను. జీతం లేదు. పైగా పని చేసినందుకు నేనే డబ్బు కట్టాను. ఆ కేంద్రం పేరు చెప్పడం లేదు, దానికి ప్రచారం చేయడానికి నేను రాలేదు. ఆ పని ఏమిటి, అందులో ఎవరి చెమట ఎంత, మన చుట్టుపక్కల దానికి సంబంధించింది ఏమైనా వుందా అన్నది మాట్లాడుకుందామని వచ్చాను.

నేను మొయినాబాద్ మండలంలో ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెప్తాను. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. పిల్లలిద్దరూ కాలేజీ చదువుల్లో వున్నారు. వెళ్తానని చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ వద్దనలేదు గానీ ఎందుకు అని మాత్రం అందరూ అడిగారు. అంతకు ముందు సంవత్సరం మావారు స్నేహితులతో కలిసి గోవా వెళ్ళినప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదు. మాకు పాలు పోసే ఆమె మాత్రం ఇంకో ప్రశ్న వేసింది. "పైసలు కట్టి పెంట ఎత్తుడేంది టీచరమ్మా! మా కొట్టంల ఎత్తరాదు, నేనే నీకు పైసలిస్త" అంది. అందరం నవ్వుకున్నాం. కానీ ఇలాంటి ప్రయాణాల మీద అంతకన్నా సూటి విమర్శ నేను తర్వాత ఎక్కడా చదవలేదు. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

మన పక్కనే చిలుకూరు వుంది. వీసా బాలాజీ అని దేశమంతా పేరు. కోరిక కోరుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది. ఆ ప్రదక్షిణలు చేసేవాళ్ళలో ఆడపిల్లలు చాలామందే వుంటారు. చదువుకు వెళ్ళేవాళ్ళు, ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు, భర్త దగ్గరకు వెళ్ళేవాళ్ళు. విదేశం వెళ్ళడానికి మన సమాజం ఆడదానికి ఒప్పుకున్న కారణాలు ఆ మూడే. కూతురి కాన్పుకు వెళ్ళే తల్లిని కూడా కలిపితే నాలుగు. నాకు చూడాలని వుంది, నేర్చుకోవాలని వుంది, వెళ్తాను అంటే అది కారణం కిందికి రాదు.

డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే అది చెప్పకుండా ఇలాంటి అనుభవాలు చెప్పేవాళ్ళంటే నాకు నమ్మకం లేదు. విమానం టిక్కెట్టు, కేంద్రానికి కట్టింది, అన్నీ కలిపి లక్షకు కొంచెం పైన అయింది. నా జీతంలోంచి నెలనెలా కట్టుకున్న చిట్టీ అది. నేను చిట్టీ ఎత్తుకుని ఆ నోట్లు ఇంట్లో పెట్టుకున్న కొద్ది రోజులకే, 2016 నవంబరు 8న, పెద్దనోట్లు రద్దయ్యాయి. ఆ రోజుల్లో మన ఆడవాళ్ళకు ఏం జరిగిందో మీకు గుర్తుండే వుంటుంది. బియ్యం డబ్బాలో, పోపుల డబ్బాలో, చీర మడతల్లో ఏళ్ళకేళ్ళుగా దాచుకున్న డబ్బంతా ఒక్క రాత్రిలో మొగవాళ్ళ ముందు పెట్టాల్సి వచ్చింది. "ఇంత దాచినవా?" అన్న మాట ఎన్ని ఇళ్ళల్లో వినపడిందో! అది నల్లధనం కాదు, కష్టకాలానికి దాచుకున్న ధైర్యం. నాకు బ్యాంకు ఖాతా వుంది కాబట్టి నా డబ్బు నా పేరునే జమ అయింది. మా వీధిలో చాలామందికి ఆ వీలు లేకపోయింది. వాళ్ళ డబ్బు భర్తల ఖాతాల్లోకి వెళ్ళింది. తిరిగి వాళ్ళ చేతికి ఎంత వచ్చిందో నేను అడగలేకపోయాను.

ఇంకొక విషయం, మీలో పాస్‌పోర్టు తీసుకోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుంది. 2016 డిసెంబరులో నిబంధనలు మారాయి. పెళ్ళయిన వాళ్ళు పెళ్ళి సర్టిఫికెట్టు జత చేయనక్కర్లేదు. విడిపోయిన వాళ్ళు భర్త పేరు రాయనక్కర్లేదు. తల్లిదండ్రులిద్దరి పేర్లు కాక ఒక్కరి పేరు ఇచ్చినా చాలు. అయినా ఎక్కడో ఒకచోట బల్ల అవతలి మనిషి "మీవారు రాలేదా?" అని అడుగుతూనే వుంటాడు. అది ఏ నిబంధనలోనూ లేదు.

ఈ తోడు సంగతి మనకొక్కరికే కాదు. చింపాంజీల మీద ప్రపంచానికి కళ్ళు తెరిపించిన జేన్ గుడాల్ 1960లో టాంజానియాలోని గోంబె అడవికి వెళ్ళినప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్ళు. అప్పుడది బ్రిటిష్ పాలనలో వుంది. ఒంటరి ఆడపిల్లను అడవిలోకి పంపం, ఎవరైనా తోడుండాలని అధికారులు పట్టుబట్టారు. చివరికి ఆమె తల్లి వాన్ వెంట వెళ్ళింది. 2025 అక్టోబరులో గుడాల్ చనిపోయినప్పుడు అన్ని పత్రికలూ చింపాంజీల గురించి రాశాయి. తోడు వెళ్ళిన తల్లిని తలచుకున్నది కొద్దిమందే. ఆ తల్లి అక్కడ ఊరికే కూర్చోలేదు. చుట్టుపక్కల జాలరులకు మందులు ఇచ్చే చిన్న వైద్యశాల నడిపింది. ఆ జాలరుల మంచితనం వల్లనే కూతురి పని సాగింది.

శంషాబాద్ విమానాశ్రయంలో రాత్రి వరసలో నిలబడి వుండగా నా ముందు ఒకామె వుంది. కామారెడ్డి వైపు మనిషి. ముప్పై దాటి వుంటాయి. కువైట్‌కు ఇంటిపనికి వెళ్తోంది. "నువ్వెక్కడికక్కా?" అని అడిగింది. థాయిలాండ్ అన్నాను, పనికే అన్నాను. "ఎంతిస్తరు?" అంది. ఇవ్వరు, నేనే కట్టాను అన్నాను. నా మొహం కేసి కాసేపు చూసి, "మల్ల ఏజెంటు మోసం జేసిండా?" అంది. నిజంగా బాధపడుతూ అడిగింది.

మా ఇద్దరి పాస్‌పోర్టులూ ఒకే దేశానివి. కానీ పదో తరగతి పాసు కాని వాళ్ళు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం కింద ప్రభుత్వం దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. ఆడవాళ్ళయితే ముప్పై ఏళ్ళు నిండితేగానీ ఆ అనుమతి ఇవ్వరు. రక్షణ కోసమే అంటారు. ఇరవై అయిదేళ్ళ మనిషికి ఇల్లు గడవకపోతే ముప్పై వచ్చేదాకా ఆగుతుందా? దొంగదారిన విజిట్ వీసా మీద పంపే ఏజెంటు దొరుకుతాడు. అప్పుడు ఆమె ఏ లెక్కలోనూ వుండదు. అక్కడ కష్టమొస్తే ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. నన్ను మాత్రం ఎవరూ ఆపలేదు. డిగ్రీ వున్న దాన్ని, సరదాకు వెళ్తున్నదాన్ని. ఆ ముప్పై ఏళ్ళ నిబంధన మీద మన సంఘాల్లో జరగాల్సినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం.

ఇక అక్కడి పని. మేం వెళ్ళేసరికి ఆ దేశమంతా నల్లబట్టల్లో వుంది. రాజు భూమిబొల్ 2016 అక్టోబరులో చనిపోయాడు, ఏడాదిపాటు సంతాపం. వంటింట్లో పనిచేసేవాళ్ళు కూడా నల్ల బనీన్లే వేసుకున్నారు. నాకున్న ఒక్క నల్ల చున్నీ రోజూ ఉతుక్కుని వేసుకునేదాన్ని.

నేనున్న రోజుల్లో మా గుంపులో ఇరవై మంది. బ్రిటన్, హాలండ్, జర్మనీ, ఆస్ట్రేలియాల నుంచి వచ్చినవాళ్ళు. ఇరవైలో పదిహేడు మంది ఆడవాళ్ళే, ఎక్కువమంది ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ పిల్లలు. అన్నిచోట్లా ఇంతేనట. తినిపించడం, కడగడం, జబ్బుగా వున్నదాన్ని కనిపెట్టుకుని వుండడం. ఈ పనికి జీతం లేదనగానే ప్రపంచమంతటా ఆడవాళ్ళే ముందుకు వస్తారు. డాక్టరూ, ఆఫీసు నడిపేవాళ్ళూ మాత్రం ఎక్కువగా మొగవాళ్ళు. అది మా కేంద్రంలో చూసిన మాట.

పొద్దున ఆరున్నరకు వంటింటి పాకలో చేరేవాళ్ళం. గుమ్మడికాయలు, దోసకాయలు, చిలగడదుంపలు, అలసందకాయలు, అరటిపళ్ళు బుట్టలకొద్దీ వుండేవి. కత్తిపీట వుండదు, నిలబడి చాకుతో కోయాలి. ఒక్కో జంతువుకు ఒక్కో లెక్క పలక మీద రాసి వుంటుంది. పళ్ళూడిన ముసలి కోతికి ఉడకబెట్టి మెదపాలి. చక్కెర జబ్బు వచ్చినదానికి అరటిపండు వద్దు. అవును, కోతులకు చక్కెర జబ్బు వస్తుంది. గుడి దగ్గర, బజార్లో మనుషులు బిస్కెట్లూ తీపి పానీయాలూ పెట్టి పెట్టి తెప్పిస్తారు. వికారాబాద్ రోడ్డు మీద కార్లు ఆపి కోతులకు చిప్స్ పొట్లాలు విసిరేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆ పలక గుర్తొస్తుంది.

తర్వాత కడగడం. పెంట ఎత్తడం, నీళ్ళ తొట్లలో పాచి గీకడం. మా పాలామె చెప్పింది అక్షరాలా నిజం. పదకొండు గంటల తర్వాత ఒక విచిత్రమైన పని చేసేవాళ్ళం. తిండిని దాచడం! వెదురు బొంగులో అన్నం కూరి రెండు వైపులా ఆకులు కుక్కేవాళ్ళం. వేరుశనగలు అరటాకులో చుట్టి, తాడుతో కట్టి, ఎత్తున వేలాడదీసేవాళ్ళం. అడవిలో జంతువుకు రోజంతా తిండి వెతుక్కోవడంతోనే సరిపోతుంది. బోనులో పది నిమిషాల్లో గిన్నెలోది తినేసి మిగతా రోజంతా ఏం చేయాలో తెలియక ఒకచోటే ఊగుతుంది, తన వెంట్రుకలు తనే పీక్కుంటుంది. కడుపు నింపితే సరిపోదు, మెదడుకు పని వుండాలి. "నీకేం తక్కువ, మూడు పూటలా తిండి పెడుతున్నాం కదా" అన్న మాట విని పెరిగినవాళ్ళం. మనకిది వివరించి చెప్పనక్కర్లేదు.

గిబ్బన్‌ల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. తోకలేని వానరం. పొడుగాటి చేతులు. తెల్లారగానే ఆడదీ మొగదీ జంటగా కూత అందుకుంటాయి. ఆడదాని కూత మెల్లగా మొదలై పైకి పైకి వెళ్ళి, అడవంతా మోగి, మళ్ళీ దిగుతుంది. మొదటి రోజు తెల్లవారుజామున విన్నప్పుడు చేతిలో టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అవి అక్కడికి ఎలా వచ్చాయంటే, సముద్రతీరపు ఊళ్ళలో యాత్రికులు ఎత్తుకుని ఫోటో దిగడానికి గిబ్బన్ పిల్లలు కావాలి. పిల్ల తల్లి పొట్టను కరుచుకుని వుంటుంది, తల్లి చెట్టు కొసన వుంటుంది. పిల్లను పట్టాలంటే తల్లిని కాల్చాలి. తల్లితోపాటు కింద పడి చాలా పిల్లలు చస్తాయి. బతికినదానికి గౌను తొడిగి బీచిలో తిప్పుతారు. అయిదారేళ్ళకు కోరలు వచ్చి కరవడం మొదలుపెట్టాక దాని అవసరం తీరిపోతుంది. ఫుకెట్ దీవిలో 1992 నుంచి వీటిని మళ్ళీ అడవిలో అలవాటు చేయడానికి ఒక ప్రయత్నం జరుగుతోంది. అది చాలా నిదానమైన పని. మనుషుల చేతుల్లో పెరిగిన గిబ్బన్‌కు కొమ్మ మీంచి కొమ్మకు దూకడం రాదు, జోడు కుదరదు, పులి అంటే భయం తెలియదు. సగం చదువు చెప్పి వదిలేసినట్టు వదిలేస్తే చచ్చిపోతుంది.

మేం వాటిని ముట్టుకోకూడదు. మూతికి గుడ్డ కట్టుకోవాలి. మన జలుబూ, క్షయా, నోటి పొక్కులూ వాటికి అంటుకుంటాయి. కొంతమంది పిల్లలు ఈ నిబంధనకు నీరసపడిపోయారు. ఇంతదూరం వచ్చి ఎత్తుకోకపోతే ఎలాగని. నా మట్టుకు నేను ఆ కేంద్రాన్ని నమ్మింది ఆ నిబంధన చూసే.

ఒక ముసలి ఆడ ఏనుగు వుండేది. ఒక కన్ను లేదు. నడుము మీద ఎముక లోపలికి నొక్కుకుపోయి గుంటపడి వుంది, ఏళ్ళ తరబడి యాత్రికులను మోసిన అంబారీ గుర్తు. అంతకు ముందు దుంగలు లాగింది. థాయిలాండులో 1988లో వరదలూ కొండచరియలూ పడి జనం చనిపోయాక 1989లో అడవులు నరకడం నిషేధించారు. మంచి పనే. కానీ ఆ రోజుతో ఏనుగులకూ మావటీలకూ కూడా పని పోయింది. నగరాల వీధుల్లో అడుక్కున్నారు, తర్వాత యాత్రికుల సవారీలకు వచ్చారు. చియాంగ్ మాయి దగ్గర ఇలాంటి ఏనుగులకు నీడ ఇచ్చిన లెక్ చైలర్ట్ అనే ఆమె పేరు మీలో కొందరు విని వుంటారు. కొండజాతి కుటుంబంలో పుట్టిన మనిషి. ఏనుగుల మందకు ఆడదే పెద్ద అని చెప్తే మన సభల్లో చప్పట్లు వస్తాయి. నాకా ఉత్సాహం లేదు. ఏనుగు నడిగి మన హక్కులు తెచ్చుకోవాల్సిన పనిలేదు. అది రోజుకు నూటయాభై కిలోల దాకా తింటుంది, తిన్నదాంట్లో సగానికి పైగా బయటికి వస్తుంది, ఎత్తాల్సింది మేము. ఏనుగంటే అక్కడ నాకు ముందు తెలిసిన సంగతి అదే.

పనిచోట మరుగుదొడ్డి వుంది. నీళ్ళున్నాయి. తలుపుకు గడియ వుంది. ఈ విషయాన్ని కూడా మీరు రాసుకోండి. నేను ఉద్యోగం చేసిన చోట్లన్నిట్లో ఆ మూడూ కలిసి వుండలేదు.

థాయిలాండ్ చట్టంలో నాకు నచ్చిన మాట ఒకటుంది. విదేశీయుల పని మీద వాళ్ళు 2008లో చేసిన చట్టంలో పని అంటే ఏమిటో నిర్వచించారు. ఒంటి శక్తినో తెలివితేటలనో వినియోగించి చేసేది పని, దానికి కూలీ వచ్చినా రాకపోయినా. అందుకే డబ్బు కట్టి వెళ్ళిన నాకు కూడా సరైన వీసా, పని అనుమతి వుండాలని అడిగారు. ఆ నిర్వచనాన్ని తర్వాత మార్చారు, అది వేరే సంగతి. ఆ మాట పెట్టినవాళ్ళు విదేశీయులను అదుపులో పెట్టడానికి పెట్టారే గానీ ఆడవాళ్ళ మీద ప్రేమతో కాదు. అయినా ఆ వాక్యాన్ని ఇంటి చాకిరీకి పెట్టి చూడండి. మన జనాభా లెక్కలవాళ్ళు ఇంటికి వచ్చి, "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే "ఏమీలేదు" అని రాసుకున్న రోజులు మీకు తెలుసు.

వంటింట్లో మాకు పైన పని చూసే ఆమెను అందరం "పీ" అని పిలిచేవాళ్ళం. థాయి భాషలో అక్కా అన్నట్టు. ఆమె థాయి మనిషి కాదు, బర్మా నుంచి పనికి వచ్చింది. నాకు వచ్చిన నాలుగు థాయి మాటలూ, ఆమెకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటలూ, మిగతాది చేతులతో. అప్పుడు ఆ దేశంలో కనీస కూలీ ప్రాంతాన్ని బట్టి రోజుకు మూడు వందల నుంచి మూడు వందల పది బాత్‌లు, మన లెక్కన ఆరు వందలకు కొంచెం తక్కువ. నేను రోజుకు కట్టింది దానికి మూడు రెట్లకు పైనే. ఆమె ఏ గిబ్బన్ ఏ పూట తినలేదో నోటికి చెప్పేది. జబ్బు పిల్లలకు రాత్రుళ్ళు రెండు గంటలకోసారి పాలు పట్టేది. తన పిల్లలిద్దరూ సరిహద్దు అవతల అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. చూసి ఏడాదిన్నర అయిందని వేళ్ళతో లెక్కపెట్టి చూపించింది. మన రోడ్ల వెంట, గండిపేట చుట్టూ లేస్తున్న మేడల దగ్గర పనిచేసే పాలమూరు ఆడవాళ్ళు కూడా పిల్లలను ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర వదిలి వచ్చినవాళ్ళే.

నేను అక్కడి మేనేజరును అడిగాను, మాలాంటివాళ్ళం ఉత్తపుణ్యానికి చేస్తుంటే ఈ ఊరివాళ్ళ కూలీ పోదా అని. ఆయన దాటవేయలేదు. జంతువు దగ్గరకు వెళ్ళే పని జీతగాళ్ళది, కడుగుడూ కోసుడూ మీది, మీరు కట్టే డబ్బుతోనే వాళ్ళ జీతాలు అన్నాడు. లెక్క కొంతవరకు సరిపోయింది. కానీ ఫోటోల్లో, కరపత్రాల్లో అంతా మేమే. పీ ఎక్కడా లేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త సంగతి. రక్షణ కేంద్రం అని బోర్డు పెట్టిన ప్రతిదీ రక్షణ కేంద్రం కాదు. థాయిలాండులోనే కాంచనబురి దగ్గర పులుల గుడి అని ఒకటి వుండేది. భిక్షువులు పులులను కాపాడుతున్నారని పేరు. విదేశాల నుంచి వాలంటీర్లు వెళ్ళి పులి పిల్లలకు పాలు పట్టేవాళ్ళు. 2016 మే చివర అధికారులు సోదా చేసి వందకు పైగా పులులను తరలించారు. జూన్ ఒకటిన వంటింటి ఫ్రీజరులో నలభై పులిపిల్లల శవాలు బయటపడ్డాయి. అక్కడితో కథ సుఖాంతం కాలేదు. ఆ గుడి నుంచి ప్రభుత్వం తీసుకున్న 147 పులుల్లో 86 చనిపోయాయని 2019లో అధికారులే చెప్పారు. దక్షిణాఫ్రికాలో సింహాల పెంపకం ఇంకో రకం. పిల్ల పుట్టిన కొద్ది రోజులకే తల్లి దగ్గర్నుంచి తీసేస్తారు, తల్లి మళ్ళీ త్వరగా ఎదకు రావాలని. తల్లి లేని అనాథ పిల్లలని చెప్పి వాలంటీర్ల చేత పాలు పట్టిస్తారు, దానికి డబ్బు తీసుకుంటారు. పెరిగాక ఆ సింహాలే కంచె వేసిన చోట వేటగాళ్ళ తుపాకులకు ఎర అవుతాయి. 2015లో వచ్చిన బ్లడ్ లయన్స్ అనే డాక్యుమెంటరీ ఈ గుట్టు బయటపెట్టింది. ప్రేమతో పాలసీసా పట్టుకున్న అమ్మాయిలే ఈ వ్యాపారానికి పెట్టుబడి. మాతృత్వం పేరుతో ఆడవాళ్ళను వాడుకోవడం ఎన్ని రూపాల్లో వుంటుందో చూడండి.

అందుకని ఎక్కడికైనా వెళ్ళేముందు కొన్ని అడగాలి. పిల్లలను ముట్టుకోనిస్తారా? ఇస్తామంటే వెళ్ళకండి. అక్కడ పిల్లలు పుడుతున్నాయా, పుడితే ఎందుకు పుట్టనిస్తున్నారు, పెద్దయ్యాక ఎక్కడికి పోతాయి? ఊరివాళ్ళకు జీతం ఎంత? పాస్‌పోర్టు మన దగ్గరే వుంటుందా? లైంగిక వేధింపు జరిగితే ఎవరికి చెప్పాలి? ఈ చివరి ప్రశ్న మన దేశంలో చేసే స్వచ్ఛంద పనికి కూడా వర్తిస్తుంది. 2013 చట్టం కింద జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసే స్త్రీ కూడా ఉద్యోగినే. పదిమంది అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ఏ సంస్థలోనైనా ఫిర్యాదుల కమిటీ వుండాలి. జంతువుల సంస్థ అయినా, అనాథ శరణాలయమైనా, మన సంఘాలైనా.

ఇంతదూరం ఎందుకు, ఇక్కడ లేవా అని మీరు అడగొచ్చు. వున్నాయి. చిన్నప్పుడు మన ఊళ్ళకు ఎలుగుబంటి నాడించేవాళ్ళు వచ్చేవాళ్ళు. పిల్లలకు భయం పోతుందని దాని మీద కూర్చోబెట్టేవాళ్ళు, దాని వెంట్రుక తాయెత్తులో కట్టేవాళ్ళు. దాని ముక్కు కాల్చి తాడు దూర్చిన సంగతి మనకు తెలియదు. 2009 నాటికి ఆ ఆట దేశంలో ఆగిపోయింది. ఆటగాళ్ళైన కలందర్ కుటుంబాలకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, వేరే బతుకుతెరువు చూపించడం కూడా ఆ పనిలో భాగం కాబట్టే ఆగింది. 1998లో సర్కసుల్లో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులు ఆడకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, 2001లో సుప్రీంకోర్టు సరేనంది. అలా వచ్చిన ముసలి సింహాలను విశాఖలోనూ తిరుపతిలోనూ కేంద్రాలు పెట్టి చచ్చేదాకా సాకారు. 1972 చట్టం పాములవాళ్ళ బతుకు తీసింది. తమిళనాడులో ఇరులవాళ్ళు మాత్రం 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాముల విషం తీసి మందుకు అమ్మి, పాములను తిరిగి వదిలేస్తున్నారు. మన దగ్గర పాములవాళ్ళకు అలాంటిదేదీ జరగలేదు. హైదరాబాదులో 1995 నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సంఘం వాలంటీర్లు ఇళ్ళల్లో దూరిన పాములను పట్టి అడవిలో వదులుతున్నారు. కట్టెల మోపు దగ్గర, బట్టలుతికే బండ దగ్గర, వడ్ల బస్తాల వెనక పాము ఎదురయ్యేది ఎవరికి? మనకే. అయినా పాము పట్టడం నేర్పుతామంటే వచ్చేది మొగపిల్లలే.

మన గండిపేట సంగతి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన చెరువు, 1920కి పూర్తయింది. ఈ నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాద్ వదిలిపోరని సామెత. ఈ చెరువునూ హిమాయత్‌సాగర్‌నూ కాపాడాలని 1996లో 111 జీవో ఇచ్చారు. పది కిలోమీటర్ల లోపల, 84 గ్రామాల్లో, పరిశ్రమలూ పెద్ద కట్టడాలూ కూడదని. తేదీ చూడండి, మార్చి 8. మహిళా దినోత్సవమని ఇచ్చింది కాదు, కాకతాళీయం. ఈ చెరువుల పక్కన నూనెల ఫ్యాక్టరీ పెడతామన్న కేసులో సుప్రీంకోర్టు 1999లో హాని వుండదని నిరూపించుకోవాల్సింది పెట్టేవాళ్ళేనంది, 2000లో తాగునీరు జీవించే హక్కులో భాగమంది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు సడలించారు, 2023 మేలో 111ను పూర్తిగా ఎత్తేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించింది.

నేను ఇక్కడ జంతువుల పక్షమే మాట్లాడి వెళ్ళిపోను. 111 వల్ల మా భూమికి రేటు లేదు, పిల్ల పెళ్ళి చేయలేకపోయానన్న ఆడవాళ్ళు నా విద్యార్థుల తల్లుల్లోనే వున్నారు. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే మాకెందుకీ శిక్ష అంటే జవాబు చెప్పాలి. నగరానికి నీళ్ళు కావాలంటే ఆ ఖర్చు నగరం భరించాలి, 84 ఊళ్ళు కాదు. అయితే ఇంకో మాట కూడా అడగాలి. రేటు పెరిగి అమ్మిన చోట ఆ డబ్బు ఎవరి చేతికి వచ్చింది? పట్టా ఎవరి పేరున వుంది? మన రాష్ట్రంలో కూతుళ్ళకు ఆస్తిలో సమాన హక్కు 1985 నుంచి వుంది. అమ్మే కాగితం మీద సంతకం పెట్టడానికి పిలిచినప్పుడే ఆ హక్కు గుర్తొస్తుంది అన్నలకు. తెల్లవారుజామున గులాబీలు కోసి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పంపే మొయినాబాద్, చేవెళ్ళ కూలీ ఆడవాళ్ళకు అసలు పట్టాయే లేదు. తోట ఫామ్‌హౌస్ అయితే వాళ్ళకు పోయేది పని. అంట్లు తోమే పని దొరుకుతుంది.

జంతువులకూ పోయేది చోటు. చిలుకూరులో మృగవని పార్కు మూడున్నర చదరపు కిలోమీటర్లు మాత్రమే, చుట్టూ కంచె. 2020 మేలో లాక్‌డౌన్ రోజుల్లో కాటేదాన్ దగ్గర రోడ్డు మధ్య చిరుత పడుకుని కనిపించింది. అది హిమాయత్‌సాగర్, చిలుకూరు వైపు వచ్చిందన్నాక మా వైపు ఆడవాళ్ళు కొన్నాళ్ళు ఒక్కళ్ళే పొలాలకు వెళ్ళలేదు, కూలీ పోగొట్టుకున్నారు. ఆ కూలీ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. పంట పోతే, మేక పోతే ఏదో ఒక పరిహారం మాట వుంటుంది. భయంతో పోయిన పనికి పద్దు లేదు.

మా పాలామె ప్రశ్నకు జవాబు చెప్తానన్నాను. మీ కొట్టంలో పెంట ఎత్తడం నాకు చేతకాక కాదు. అక్కడ ఆ పనికి పలక మీద నా పేరు రాశారు, గంటలు రాశారు, ఆదివారం సెలవిచ్చారు. మీకు ఎవరైనా ఆదివారం ఇచ్చారా? అదే మాట ఆమెతో అంటే, "బర్లకు ఆదివారం తెలుస్తదా?" అంది. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

పాస్‌పోర్టు ఫారాలూ, పాము కనపడితే ఫోన్ చేయాల్సిన నంబరు కాగితాలూ, 2013 చట్టం మీద తెలుగులో రాసుకున్న రెండు పేజీలూ జిరాక్సులు తీయించి తెచ్చాను. భోజనాల తర్వాత ఆ బల్ల మీద పెడతాను, కావలసినవాళ్ళు తీసుకోండి. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ వాళ్ళ దగ్గర శిక్షణకు వెళ్ళాలనుకునేవాళ్ళు నాకు పేర్లివ్వండి. ఇప్పటికి ముగ్గురున్నారు, అయిదుగురైతే కలిసి ఒకే బస్సులో వెళ్ళొచ్చు.